సభ్యురాలి వెంట మనిషి

మా కారవాన్ క్లబ్బు శాఖలో బ్లూర్ అక్కచెల్లెళ్లను ఎరగనివాళ్లు లేరు. అరవై దాటినా అందరూ వాళ్లను బ్లూర్ అమ్మాయిలు అనే అనేవారు. పెద్దది థెల్మా, బేకరీ వ్యాను నడిపి రిటైరయింది. చిన్నది ఐరిస్. బర్స్‌లెమ్‌లో ఒక పింగాణీ కార్ఖానాలో కప్పుల అంచులకు బంగారు గీత గీసేది, ఆ కార్ఖానా మూతపడేదాకా. ఇద్దరికీ పెళ్లి కాలేదు. అమ్మా నాన్నా పోయాక ఇంగ్లండులోని లీక్ ఊళ్లో, అదే ఇరుకింట్లో, కలిసే ఉండిపోయారు. ఈస్టర్ వచ్చిందంటే, చక్రాల మీది చిన్న ఇల్లు లాంటి తమ కారవాన్‌ను కారు వెనక తగిలించుకుని బయల్దేరేవారు. అక్టోబరులో చలి ముదిరేదాకా మా క్యాంపుల్లో వాళ్లు లేని క్యాంపు ఉండేది కాదు.

వాళ్లు క్యాంపు మైదానంలోకి రావడం మాకో వేడుక. గేటు దగ్గరే ఐరిస్ దిగిపోయి, కారవాన్ వెనక నిలబడి చేతులు ఊపేది. థెల్మా కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి పోనిచ్చేది.

"కుడికి, కుడికి! నీ కుడి కాదే, నా కుడి!"

"నీ కుడి నాకెలా తెలుస్తుందే? ముందు నువ్వు కనపడి చావు!"

బండి ఆగాక అది కదలకుండా నాలుగు మూలల్లోనూ ఇనుప కాళ్లు దించడం, నీళ్ల పీపాను దొర్లించుకుంటూ కుళాయి దాకా వెళ్లి నింపుకు రావడం, ముందర గుడ్డ పందిరి కట్టడం ఐరిస్ వంతు. ఈలోగా థెల్మా పక్క బండ్లన్నీ చుట్టేసి, ఎవరి మోకాలు ఎలా ఉందో, ఎవరి కూతురు ఎవరితో పోయిందో కనుక్కుని వచ్చేది. ఆమె నవ్వు మైదానం అవతలికి వినపడేది. ఐరిస్ నవ్వుతోందని తెలియాలంటే ఆమె వైపు చూడాలి.

ఆ థెల్మా అరవై ఎనిమిదో ఏట పెళ్లి చేసుకుంది. కంట్లో శుక్లం తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, పక్క కుర్చీలో డెస్మండ్ అనే ఆయన కూర్చుని ఉన్నాడు. భార్య పోయిన మనిషి, సౌత్‌పోర్ట్‌లో సముద్రం దగ్గర సొంత ఇల్లు. చెల్లెల్ని చూడటానికి ఇటు వచ్చి, ఇక్కడే కన్ను చూపించుకుంటున్నాడట. "కన్ను బాగు చేయించుకోడానికి వెళ్లి కన్నేసి వచ్చిందన్నమాట," అని మా ఆయన గ్రాహమ్ ఆ ఏడంతా నవ్వాడు. పెళ్లికి సాక్షి సంతకం ఐరిసే పెట్టింది. లేత నీలం కోటు వేసుకుంది. ఫొటోల్లో చక్కగా ఉంది.

థెల్మా సౌత్‌పోర్ట్ వెళ్లిపోతూ కారు తీసుకెళ్లింది. కారవాన్ మాత్రం ఎప్పటిలా చెడల్టన్ దగ్గర రైతు కొట్టంలోనే ఉంది.

"కారవాన్ నీకేనే. నాకేం వద్దు," అందట.

ఐరిస్‌కు కారు నడపడం రాదు. ఆ సంగతి అప్పుడు థెల్మాకు గుర్తులేదు. ఐరిస్ గుర్తు చేయలేదు.

జనవరిలో క్లబ్బు నుంచి సభ్యత్వం రెన్యూ చేయించుకోమని కవరు వచ్చింది. పైన థెల్మా పేరు. ఐరిస్ ఫోను చేసి చెప్పింది.

"వదిలెయ్యవే. ఒక్కదానివీ ఏం చేస్తావు దాంతో? చలికి నడుం పట్టేసి పడుంటావు," అంది థెల్మా.

"సరేలే."

సరేలే అంది కానీ కవరు పారెయ్యలేదు. నేను శాఖ కార్యదర్శిని. ఈస్టర్‌కి ఎవరెవరు వస్తారో కనుక్కునే పని నాది. ఆ పని మీద వాళ్లింటికి వెళ్లాను. ఐరిస్ చీజ్ వేసి ఓట్స్ అట్లు పోసింది. వంటింట్లో రేడియో వినపడుతూనే ఉంది. ముందుగదిలో టీవీ కూడా పెట్టే ఉంది. రెంటినీ ఎవరూ పట్టించుకోవడం లేదు.

"ఏమంటావు? వస్తావా?" అన్నాను.

"ఎట్లా రాను? భుజాన వేసుకుని మోసుకురమ్మంటావా?"

"మా గ్రాహమ్ లాక్కొస్తాడు. మొదట నీది దించి, వెనక్కెళ్లి మాది తెస్తాడు. ఒకసారి వచ్చి చూడు. తర్వాతే రెన్యూ చేయించాలో వద్దో ఆలోచించు."

ఐరిస్ అట్టును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "ఒకసారికయితే వస్తాను," అంది.

ఈస్టర్‌కి హార్టింగ్టన్ దగ్గర ఒక పొలంలో దిగాం. వాన, ఎండ, మళ్లీ వాన. గ్రాహమ్ ఆమె కారవాన్‌ను కంచె పక్కన నిలిపాడు. ఐరిస్ అలవాటు కొద్దీ వెనక నిలబడి చెయ్యి ఊపింది. గ్రాహమ్ అద్దాల్లో చూసుకుని ఒక్క ఊపున పెట్టేశాడు. ఆమె ఎత్తిన చెయ్యి దించుకుంది. తర్వాత కాళ్లు దించింది, నీళ్లు తెచ్చింది, పందిరి కట్టింది. తన వంతు పనంతా ఎప్పటిలాగే అయిపోయింది. థెల్మా వంతు మాత్రం ఆమెకు చేతకాలేదు. పక్క బండ్లకు వెళ్లి తలుపు తట్టడం ఆమెకు ఏనాడూ అలవాటు లేదు.

వచ్చినవాళ్లంతా ఒకటే అడిగారు. "థెల్మా ఎలా ఉంది?" "థెల్మా రాలేదే?" "కొత్త పెళ్లికూతురు ఏమంటోంది?"

"బాగుంది. బాగానే ఉంది. డెస్మండ్ మంచివాడు," అని ఐరిస్ అందరికీ ఒకేలా చెప్పింది. నువ్వెలా ఉన్నావని అడిగింది ఎవరని ఆ రాత్రి పడుకునే ముందు గుర్తు చేసుకోబోయాను. నేను కూడా అడగలేదు.

శనివారం పొద్దున ఎవరి కుర్చీ, ఎవరి కప్పు వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుని కాఫీ తాగడం మా ఆనవాయితీ. కుర్చీలు ఎప్పుడూ జంటలు జంటలుగా ఉంటాయి. ఐరిస్ తన కుర్చీ పట్టుకుని వచ్చి, ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడింది. మాకూ కోల్‌క్లఫ్ దంపతులకూ మధ్య కాస్త ఖాళీ చేశాం. కూర్చుంది. కోల్‌క్లఫ్ ఆమె మీంచి వంగి గ్రాహమ్‌తో టైర్ల గురించి మాట్లాడుతూ పోయాడు. ఆమె మాటిమాటికీ వెనక్కి ఒరిగి వాళ్లకు దారిస్తూ కూర్చుంది. సాయంత్రం పేకాటలో నలుగురేసి కూర్చుంటే ఒకరు మిగిలారు. "నేను చూస్తాన్లే, నాకు చూడ్డమే ఇష్టం," అంది ఐరిస్.

ఆదివారం మధ్యాహ్నం థెల్మా, డెస్మండ్ వచ్చారు. డెస్మండ్ చేతిలో పసుపుపచ్చ డాఫడిల్ పువ్వులు, ఈస్టర్‌కి ఇచ్చే చాక్లెట్ గుడ్లు. కారవాన్ గుమ్మానికి తల కొట్టుకుని, "ఇది నాకు తగిన శాస్తి," అని నవ్వాడు. ఏ వంకా పెట్టడానికి లేని మనిషి. ఐరిస్‌ను పేరు పెట్టి పిలిచి, కార్ఖానా గురించి, ఆ బంగారు గీత చెయ్యి వణక్కుండా ఎలా గీసేదో ఆసక్తిగా అడిగాడు. అన్నేళ్లలో మాలో ఎవరమూ ఆ మాట అడిగిన పాపాన పోలేదు.

థెల్మాను చూడగానే మైదానం అంతా అక్కడికి చేరింది. ఆమె అందరినీ వాటేసుకుంది, అందరి మోకాళ్లూ కనుక్కుంది. చివరికి లోపలికి వచ్చి కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఏమిటే ఈ కంపు? తేమ పట్టినట్టుందే."

"చలికాలమంతా మూసి ఉంది కదా."

"ముప్పై ఏళ్లు ఈ డబ్బాలో ఎలా పడి ఉన్నామే మనం! నడుం చాపితే గోడ, చెయ్యి చాపితే గోడ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది." డెస్మండ్ వైపు తిరిగి, "ఇదంతా దీని కోసం. దీనికి ఇది ప్రాణం. శుక్రవారం వచ్చిందంటే ఆ పీపా కడిగి గుమ్మంలో పెట్టి నా మొహం చూసేది. కాదనలేక వచ్చేదాన్ని," అంది.

నేను టీ కప్పులు అందిస్తున్నాను. ఐరిస్ మొహం చూశాను. ఏమీ కనపడలేదు.

"అవును," అంది ఐరిస్. "నాకు ఇష్టమే."

వాళ్లు చీకటి పడకముందే బయల్దేరారు. థెల్మా కారులోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. ఐరిస్ గేటు దాకా వెళ్లి, గేటు మూసి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. నేను ఎదురు వెళ్లాను.

"అది నా కోసం వచ్చేదట," అంది నా మొహంలోకి చూడకుండా. "నేను దాని కోసం వచ్చేదాన్ని. దానికి బండి నడపాలి, నలుగురితో నవ్వాలి. ఇంట్లో కట్టేస్తే ఉండలేదు. అందుకని శుక్రవారం కాగానే పీపా కడిగి పెట్టేదాన్ని. అది అడగకముందే."

"మరి ఆ మాట ఇందాక అనకపోయావా?"

"అంటే దానికి మిగిలేదేముంది? నాకోసం అన్నేళ్లు ఏదో చేశాననుకుంటోంది. అనుకోనీ."

వాన మొదలైంది, ఎవరి బండ్లోకి వాళ్లం పోయాం.

సోమవారం అందరూ సర్దుకుని వెళ్లిపోయారు. మాకున్నది ఒకటే కారు కాబట్టి ముందు మా కారవాన్ ఇంటికి చేర్చి, తిరిగి వచ్చి ఐరిస్‌ది తీసుకెళ్లాలి. ఇల్లు చేరాక మా కారు క్లచ్ పోయింది. మెకానిక్ మర్నాటికి గానీ రాలేనన్నాడు. ఐరిస్‌కు ఫోను చేశాను.

"కోల్‌క్లఫ్‌ను పంపనా? కారులో నిన్నొక్కదాన్నయినా తీసుకొస్తాడు."

"వద్దు. రొట్టె ఉంది, గ్యాసుంది. నా గురించి కంగారు పడకండి," అంది.

మంగళవారం మధ్యాహ్నం వెళ్లేసరికి ఆ పెద్ద పచ్చిక మైదానంలో ఒక్క కారవాన్ ఉంది. గొర్రె పిల్లలు పందిరి తాళ్ల దాకా వచ్చి మేస్తున్నాయి. ఐరిస్ మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"భయం వేసిందా?" అన్నాను.

"లేదు. నిన్న సాయంత్రం బాగా ఏడ్చాను. ఎవరూ లేరు కదా, గట్టిగానే ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. బంగాళాదుంపలు వేయించుకుని తిన్నాను."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? వాన తగ్గింది. నీళ్లకు వెళ్లి, ఊరికే అటు వాగు దాకా నడిచాను. పీపా నిండిందా, థెల్మాకు చలేస్తోందా, పక్కవాళ్లు ఏమనుకుంటున్నారు... ఆ గోల ఏదీ లేదు. నాకిది ఇష్టమో కాదో చూద్దామని కూర్చున్నాను. తెల్లారింది గానీ తెలియలేదు. ఒక్కరోజులో తెలిసేది కాదేమో," అంది.

ఆ నెలాఖరుకి సభ్యత్వం గడువు అయిపోతుంది. ఆ వారంలోనే నేను దగ్గరుండగా క్లబ్బుకు ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. మాకు ఇద్దరికీ వినపడేలా పెట్టాం.

"క్షమించాలండీ, సభ్యురాలు థెల్మా బ్లూర్ గారు. మీరు ఆవిడతో పాటు వచ్చే రెండో మనిషి. మీ పేరు మీద సభ్యత్వం లేదండీ, రెన్యూ చెయ్యడానికి."

"ముప్పై ఏళ్ల నుంచీ వస్తున్నానమ్మా."

"నిజమేనండీ. ఇప్పుడు మీరు కావాలంటే కొత్తగా చేరొచ్చు. చేర్చమంటారా?"

ఐరిస్ టేబుల్ మీది టీ మరకను వేలితో రుద్దుతూ కూర్చుంది. అమ్మాయి రెండుసార్లు "హలో" అంది. నాకు చేరు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఈ ఒక్కటి ఇంకొకరి కోసం చెయ్యకూడదనిపించింది.

"చేర్చమ్మా," అంది. "ఒక్కదాన్నే. రెండో మనిషి గడి ఖాళీగా ఉంచెయ్."

ఆ వేసవిలో కారవాన్‌ను ఒక కుర్ర జంటకు అమ్మేసింది. థెల్మాకు ఫోనులో చెబితే, "నీకు ప్రాణమైనదాన్ని అంత సులువుగా ఎలా వదిలేశావే!" అని ఏడ్చిందట. ఐరిసే ఓదార్చింది. వీపున వేసుకోగలిగేంత చిన్న గుడారం ఒకటి కొనుక్కుంది. ఆ వయసులో నేల మీద పడక ఏమిటని శాఖలో అందరూ అన్నారు. బస్సు వెళ్లే చోట క్యాంపు ఉంటేనే వచ్చేది, లేకపోతే లేదు. వచ్చినా కంచె వైపు ఓ మూల వేసుకునేది. కాఫీకి తన కుర్చీతో వచ్చేది, కొన్నిసార్లు రాకపోయేది. కొత్తగా ఎవరితోనూ స్నేహం కలిసినట్టు నేను చూడలేదు. పేకాటలో ఒకరు తక్కువైతే కూర్చునేది.

ఐరిస్ సుఖంగా ఉందా అని నన్ను చాలామంది అడిగారు. తెలియదు. ఒంటరిగా ఉంది, అది కళ్లకు కనపడేదే. దానికి తోడు ఇంకేదో ఉంది, దాని పేరు నాకు తెలియదు. ఇష్టమో కాదో తేలిందా అని నేనే ఒకసారి అడిగితే, "చూస్తున్నా," అంది.

పోయిన జూన్‌లో లాంగ్‌నర్ దగ్గర క్యాంపులో మధ్యాహ్నం నుంచీ ఎడతెరిపి లేని వాన. నేను గొడుగు వేసుకుని ఆమె గుడారం దగ్గరికి వెళ్లాను.

"ఐరిస్, మా బండ్లోకి రావే. హీటరుంది, సూప్ కాచాను."

లోపల్నుంచి, "వస్తాలే, కాసేపాగి," అంది.

ఆమె కోసం ఒక గిన్నె పక్కకు తీసి పెట్టాను. రాలేదు. గ్రాహమ్ తెర తప్పించి చూసి, ఆమె గుడారంలో దీపం వెలుగుతోందన్నాడు.