నాన్న గోడ మీది రెగ్యులేటర్లు

"అమ్మాయ్, ఆ చిన్న స్పానర్ ఇలా ఇయ్యి" అన్నారు నాన్న.

నేనప్పుడే గుడివాడ నుంచి బస్సు దిగి, బందరు ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. చేతిలో సంచీ అక్కడే పెట్టి గబగబా వర్క్‌షాపు గదిలోకి నడిచాను. నలభై దాటినా ఆ ఇంట్లో అమ్మాయ్ అంటే నేనే. ఇంకెవరూ లేరు. కానీ నేను వెళ్లేసరికి స్పానర్ నాన్న చేతిలో ఉంది. నాన్న పక్కన నా చెక్క స్టూలు మీద ఎవరో ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఉప్పునీళ్లకి జుట్టు చివర్లు రాగిరంగు తిరిగాయి. మోచేతుల దాకా గ్రీజు.

"మా అమ్మాయి. గుడివాడ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తుంది" అన్నారు నాన్న, తలెత్తకుండానే.

"నమస్తే అక్కా" అంటూ ఆమె లేవబోయింది.

"కూర్చో, కూర్చో" అన్నాను. మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

నాన్న నీళ్లలో దిగి పనిచేసే డైవరు. వయసులో ఉన్నప్పుడు విశాఖలో ఓడల అడుగులు చూసేవారు. తర్వాత ఎడమ చెవి పాడై, దిగొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పాక సొంతూరికి వచ్చి, డైవర్లు వాడే రెగ్యులేటర్లు బాగుచేయడం మొదలుపెట్టారు. రెగ్యులేటర్ అంటే మా వీధిలో అందరూ గ్యాస్ పొయ్యిది అనుకునేవాళ్లు. పక్కింటి పిన్నిగారు ఒకసారి నిజంగానే వాళ్ల సిలిండరు రెగ్యులేటర్ పట్టుకొచ్చారు. నాన్న దాన్ని కూడా బాగుచేసి ఇచ్చారు. పని రెండింటిదీ ఒకటేనని ఆవిడకి ఓపిగ్గా చెప్పారు. సిలిండర్లో గాలి బలంగా కుక్కి ఉంటుంది, దాన్ని నేరుగా నోట్లోకి వదిలితే మనిషి తట్టుకోలేడు, ఈ చిన్న యంత్రం ఆ బలం తగ్గించి, మనం పీల్చినప్పుడల్లా మనకి కావలసినంతే ఇస్తుంది, అని.

నాన్న ఒకే ఒక్క కంపెనీ రెగ్యులేటర్లు వాడారు. దాని పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో కూడా ఆ పేరు ఎవరూ అనేవాళ్లు కాదు. "మనవాళ్లు" అంటే చాలు. "మనవాళ్లు ఈసారి స్ప్రింగు మార్చారు" అనేవారు నాన్న, పెళ్లికి వెళ్లొచ్చిన చుట్టాల సంగతి చెప్పినట్టు. "మీ నాన్న పుట్టిల్లు" అని అమ్మ ఎగతాళి చేసేది. కొత్త మోడల్ రాగానే డైవర్లు పాతది పక్కన పడేసేవాళ్లు. నాన్న వాటిని అడిగి తెచ్చుకుని, వర్క్‌షాపు గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించారు. ఎడమ చివర అన్నిటికంటే పాతది, అక్కణ్ణుంచి కుడికి వచ్చేకొద్దీ కొత్తవి.

ఆ వరస నాకు ఎక్కాల కంటే ముందు వచ్చు. మొదటిది జంట గొట్టాలది. మెడ వెనక సిలిండరు మీద ఇత్తడి డబ్బా, దాని రెండు పక్కల నుంచి నోటి దాకా ముడతల రబ్బరు గొట్టాలు. ఒకదాన్లో గాలి వస్తుంది, రెండోదాన్లో వదిలిన ఊపిరి వెనక్కి పోతుంది. దాని తర్వాత ఒంటి గొట్టం వచ్చింది. డబ్బాని రెండు ముక్కలు చేసి, ఒకటి సిలిండరు మీదే ఉంచి, రెండోది నోటి దగ్గరికి తెచ్చారు. బుడగలు చెవుల పక్క నుంచి గలగలమంటూ పోతాయని మొదట్లో డైవర్లు విసుక్కున్నారట. కానీ దానికి అలవాటు పడ్డాక వెనక్కి చూసినవాడు లేడట. ఆ పక్కన పిస్టన్‌ది. లోపల సామాను తక్కువ, చెడేది తక్కువ. సిలిండర్లో గాలి తగ్గేకొద్దీ ఊపిరి బరువవుతుంది. "అది తప్పు కాదమ్మాయ్, పైకి పదమని చెప్పడం" అనేవారు నాన్న. తర్వాతి మోడల్లో మనవాళ్లు ఆ బరువు కూడా తీసేశారు, మొదటి ఊపిరి ఎంత తేలికో చివరిదీ అంతే. ఆ పైన వచ్చిన దాంట్లో స్ప్రింగు దగ్గరికి ఉప్పు, బురద చేరకుండా పొర వేసి మూసేశారు. మా గిలకలదిండి రేవు లాంటి చోట బురదనీళ్లు చూసే చేశారని నాన్న నమ్మకం. చివరి మేకుకి ఇత్తడి బదులు ప్లాస్టిక్ మూతిది. అక్కడితో నాన్న చెవి పోయింది, గోడ ఆగిపోయింది. ఆ తర్వాత బాగుచేయడానికి వచ్చినవన్నీ ఈ పాత మోడళ్లే.

ఇవన్నీ నాకు తెలుసు. కానీ ఒక్కదాంతోనూ నేను ఊపిరి పీల్చలేదు. చిన్నప్పుడు నాన్న వాటిని ఒళ్లో పెట్టుకుని తుడుస్తుంటే, ఆ ఒళ్లో నేనుండాల్సింది కదా అనిపించేది. రబ్బరు గొట్టాన్ని చూసి కుళ్లుకున్న పిల్లని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా స్టూలు మీద కూర్చున్నావిడది దివిసీమ, నాగాయలంక దగ్గర ఊరు. అండమాన్లో డైవింగ్ నేర్చుకుని, ఇప్పుడు కొత్త పోర్టు పనుల్లో నీళ్లలో దిగి స్తంభాలు పరీక్షించే పని చేస్తోంది. అక్కడి డైవర్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. తన రెగ్యులేటర్ గాలి కారుతోందని, ఎవరో చెబితే నాన్నని వెతుక్కుంటూ వచ్చింది. అది మనవాళ్ల కొత్త మోడలే. నాన్న దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "ఇది నాకు కొత్తమ్మా" అన్నారట. ఆ సంగతి అమ్మ చెప్పింది. ఏ రెగ్యులేటర్ గురించీ నాన్న నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అప్పుడామె విప్పి చూపించిందట. ఊపిరి బిగువు మార్చుకునే మర ఎక్కడుందో, గొట్టం మెలిక పడకుండా ఎలా తిరుగుతుందో, మళ్లీ ప్లాస్టిక్ పక్కన పెట్టి తేలిక లోహానికి ఎందుకొచ్చారో. నాన్న దగ్గర కథ ఎక్కడ ఆగిందో, ఆమె దగ్గర అక్కడ మొదలైంది. ఇద్దరికీ కలిపి మొత్తం కథ దొరికింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే ఆమె బస్సెక్కి వచ్చేది. నేనూ ఆదివారమే వచ్చేదాన్ని. అమ్మ పండుగొప్ప చేపల పులుసు పెట్టి, నడిముక్క ఆమె కంచంలో వేసేది.

"నీళ్లలో పనిచేసే పిల్ల. బలం ఉండాలి" అంది అమ్మ ఒకసారి, నా చూపు కనిపెట్టి.

"నేను రోజుకి ఐదు క్లాసులు నిలబడి చెప్తున్నానమ్మా" అన్నాను.

"నువ్వు తోకముక్కే ఇష్టమంటావుగా!"

అది నా పదేళ్లప్పటి ఇష్టం.

ఒక ఆదివారం ఉండబట్టలేక ఆమెని పరీక్షించాను. గోడ వైపు చూపిస్తూ, "ఆ పొర వేసినదాంట్లో పొర వెనక నూనె ఎందుకు పోస్తారో తెలుసా?" అని అడిగాను. తెలియదనే నమ్మకంతోనే అడిగాను.

ఆమె గోడ వైపు ఒకసారి చూసి, "తెలీదక్కా. ఎందుకు?" అంది.

నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నారు. చూపుడువేలు ఎత్తి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, లోతుకి పోయేకొద్దీ నీటి ఒత్తిడి పొర మీద ఎలా పడుతుందో, నూనె దాన్ని లోపలి స్ప్రింగుకి ఎలా అందిస్తుందో బల్ల మీద గీసి మరీ చెప్పారు. ఆమె ఒక్కో మాటా నోరు తెరుచుకుని వింది. తెలియకపోవడం కూడా ఆమెకే లాభించింది.

ఎండలు ముదిరేనాటికి వాళ్లిద్దరూ జంట గొట్టాలదాన్ని గోడ మీంచి దించారు. రబ్బరు ఎప్పుడో ఎండి బీటలు తీసింది. ఆమె ఎక్కడెక్కడో వెతికి కొత్త గొట్టాలు, కొత్త పొర తెప్పించింది. నాన్న డబ్బా లోపల మెరుగు పెట్టారు. బక్కెట్లో ముంచి చూస్తే బాగానే ఉంది. మనిషి పెట్టుకుని నీళ్లలో కూర్చుంటే గానీ తేలదన్నారు నాన్న. కృత్తివెన్నులో మా మావయ్యకి చేపల చెరువు ఉంది. చేపల పట్టుబడి అయిపోయి, కొత్తనీళ్లు పెట్టారు, ఇంకా చేపపిల్లల్ని వదల్లేదు. అక్కడ చూద్దామనుకున్నారు.

"మాస్టారూ, నేను దిగుతానండీ" అంది ఆమె.

"నువ్వు కాక ఇంకెవరమ్మా" అన్నారు నాన్న.

"నేను దిగుతాను" అన్నాను.

నాన్న తన మంచి చెవి నా వైపు తిప్పారు. వినపడలేదనుకుని మళ్లీ చెప్పాను. నా గొంతు క్లాసులో అల్లరి ఆపేటప్పటి గొంతులా వచ్చింది.

"ఈత మర్చిపోలేదు కదా?" అన్నారు చివరికి.

"కాలవలో నేర్పింది మీరేగా."

చెరువు గట్టున నాన్న గొడుగు వేసుకుని నిలబడ్డారు. నేను పాత చుడీదార్‌తో రొమ్ము లోతు నీళ్లలోకి దిగాను. ఆమె తన కొత్త రెగ్యులేటర్ పెట్టుకుని నా పక్కనే ఉంది. సిలిండరు నా వీపుకి కట్టింది, పట్టీలు సరిచేసింది. "అక్కా, ఒక్కటి గుర్తుపెట్టుకో. ఊపిరి బిగబట్టొద్దు. ఏమైనా సరే, పీలుస్తూ వదుల్తూ ఉండాలి" అంది. నా మీద చూపించిన ఆ శ్రద్ధ కూడా నాకు నచ్చలేదు. తలూపి, మోకాళ్ల మీద బురదలో కూర్చున్నాను.

నీళ్లు తల మీదుగా మూసుకున్నాయి. పచ్చని మసక. పీల్చాను. కొద్దిగా బలం పెట్టాల్సి వచ్చింది, తర్వాత గాలి వచ్చింది, రబ్బరు వాసనతో, చల్లగా. వదిలాను. బుడగలు మెడ వెనక ఎక్కడో పోయాయి. నా ముఖం ముందు ఒక్క బుడగ లేదు. ఆమె ముఖం ముందు మాత్రం గుంపులు గుంపులుగా లేస్తున్నాయి. పాతదే నచ్చిందని ఎప్పుడో నాన్న అంటే ముసలిమాట అనుకున్నాను. ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఆ నిశ్శబ్దంలో నాన్న తన వయసంతా గడిపారు. మా ఇంట్లో లేని రోజులన్నీ ఇక్కడే ఉన్నారు. నాకు నీళ్లలోనే ఏడుపొచ్చింది.

పైన నాన్న కనిపిస్తారేమోనని తల బాగా పైకెత్తాను. అంతే, నోట్లోకి గాలి బుస్సుమని ఎగదన్నింది. నోరు డబ్బా కంటే పైకి వెళ్తే జంట గొట్టాలది అలా పొంగుతుంది. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, నాన్న నోటే విన్నాను. కానీ ఆ క్షణంలో ఏదీ గుర్తు రాలేదు. చేతులు కొట్టుకున్నాను. ఆమె అరచేయి నా తల వెనక ఆనించి మెల్లగా కిందికి వంచింది. గాలి దారికొచ్చింది. ఇంకాసేపు అలాగే కూర్చున్నాను, ఆమె చెయ్యి తీసేసిన తర్వాత కూడా.

లేచి నిలబడగానే నాన్న గట్టు అంచుకి వచ్చారు. "ఎలా ఉంది? గాలి తేలిగ్గా వచ్చిందా?"

"ఇన్నేళ్లూ నాకెందుకు నేర్పలేదు?" అన్నాను. జుట్టు లోంచి నీళ్లు కారుతున్నాయి.

నాన్న నిజంగానే ఆశ్చర్యపోయారు. "నువ్వు అడగలేదుగా! ఆ రబ్బరు వాసనకి ముక్కు మూసుకుని పారిపోయేదానివి. ఇష్టం లేదనుకున్నాను."

"అప్పుడు నాకు ఆరేళ్లు నాన్నా."

"తర్వాతైనా అడగాల్సింది" అన్నారు మెల్లగా. "నేను ఎవర్నీ పిలవలేదమ్మాయ్. ఆ పిల్ల తనే వచ్చింది, అడిగింది."

ఆమె సిలిండరు విప్పుతూ, మా మాటలు వినపడనట్టు, పట్టీల మీదికి వంగి ఉంది.

వానలు మొదలయ్యాక ఆమెకి పశ్చిమ తీరంలో ఇంకో పోర్టు పని దొరికింది. వెళ్లే ముందు రోజు నాన్న గోడ చూపించి, "నీకు కావలసింది తీసుకో" అన్నారు. జంట గొట్టాలది తీసుకుంటుందనే అనుకున్నాను. ఆమె గోడంతా ఒకసారి చూసి, పిస్టన్‌ది దించుకుంది.

"ఇది ఎక్కడైనా విప్పి బాగుచేసుకోవచ్చు మాస్టారూ. ఇంకోటి తోడుగా ఉండాలంటే ఇలాంటిదే ఉండాలి."

నాకు ఎంత తేలికపడిందో చెప్పలేను. మరుక్షణం నాన్న ముఖం చూశాను. నేను డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా ఆయన అలా మురిసిపోలేదు.

ఇప్పుడు ఆదివారాలు స్టూలు నాదే. నాన్న నాకు సర్వీసింగ్ నేర్పుతున్నారు. నా వేళ్లు నెమ్మది, చిన్న రబ్బరు రింగులు జారిపోతుంటాయి. "ఆ పిల్లయితే..." అని మొదలుపెట్టి, నా వైపు చూసి, ఆపేస్తారు. పోయిన నెల ఒక డైవరు తెచ్చిన రెగ్యులేటర్ మొత్తం నేనే విప్పి, నేనే బిగించాను. నాన్న బక్కెట్లో ముంచి చూసి, ఏమీ అనకుండా ఆ డైవరుకి ఇచ్చేశారు. మా ఇంట్లో అది చాలా పెద్ద మెప్పు.

ఆమె సాయంత్రాలు ఫోన్ చేస్తుంది. మనవాళ్లు ఇంకో కొత్త మోడల్ తెచ్చారట, ఫోటోలు పంపింది. నాన్న వాటిని వేలితో పెద్దవి చేసి చూస్తూ గంటసేపు మాట్లాడతారు, నవ్వుతారు. పక్క గదిలో నేను పేపర్లు దిద్దుకుంటూ అన్నీ వింటాను. ఒక్కోసారి ఫోన్ నేనే ఎత్తుతాను.

"అక్కా, బాగున్నావా? మాస్టారు భోంచేశారా?" అని అడుగుతుంది.

"ఆఁ, మా నాన్న భోంచేశారు" అంటాను, 'మా' దగ్గర కాస్త గట్టిగా. తర్వాత ఫోన్ తీసుకెళ్లి నాన్న మంచి చెవికి ఆనిస్తాను.