సింహాలు పక్కకి జరిగిన రూపాయి

నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలన్నీ నరసాపురంలో మా తాతయ్య కిరాణా కొట్లోనే గడిచేవి. ఆయనకి నాణేల పిచ్చి. పాతవి కాదు, టంకశాలలోనే తప్పుగా అచ్చయి బయటికొచ్చినవి. అలాంటివి నాలుగైదు ఓ రేకు డబ్బాలో దాచుకున్నారు. భోజనాలయ్యాక వాటిని జనం చేతుల్లో పడి చెడిపోయిన నాణేలతో కలిపేసి, ఏది ఏదో చెప్పమనేవారు.

సుత్తితో కొడితే అక్షరాలు నలుగుతాయి. ఆకురాయితో అరగదీస్తే గీతలు పడతాయి, బరువు తగ్గుతుంది. అదే టంకశాలలో బొమ్మ పక్కకి జరిగిందంటే, రెండో వైపు కూడా సరిగ్గా అక్కడే జరిగి ఉంటుంది. ఖాళీ మిగిలిన చోట నున్నగా ఉంటుంది, తూకం మాత్రం తగ్గదు. ఇవన్నీ నాకు ఎక్కాల్లా నోటికొచ్చేశాయి.

ఒకరోజు తాతయ్య నన్ను కొట్లో కూర్చోబెట్టి, లోపల కునుకు తీస్తున్నారు. ఆవలి ఒడ్డు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చి చేపలమ్ముకునే అత్త ఒకావిడ చింతపండు కోసం వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది. కొంగుముడి విప్పి ఒక రూపాయి నా ముందు పెట్టింది.

"ఇది చెల్లుద్దేమో చూడమ్మా. బజారంతా తిరిగాను. నేనే అరగదీసి తెచ్చానంటున్నారు."

సింహాల బొమ్మ పక్కకి జరిగిపోయి, ఓ వైపు నెలవంకలా ఖాళీ. తిప్పి చూశాను. అటూ అంతే. గీతల్లేవు. టంకశాలలో జరిగిన తప్పే అది. ఏమీ ఎరగనట్టు "పోన్లే అత్తా, ఇలా ఇచ్చెయ్యి" అని చింతపండు కట్టి ఇచ్చాను. "చల్లగా ఉండమ్మా" అని నా గడ్డం పట్టుకుని వెళ్ళింది.

తాతయ్య లేవగానే చూపించాను. తక్కెడలో ఇంకో రూపాయితో తూచారు. ముల్లు నిటారుగా నిలబడింది. బాగా పట్టావని మురిసిపోయారు. తర్వాత ఎవరిచ్చారని అడిగారు. చెప్పాను.

"మరి ఇదేంటో ఆవిడకి చెప్పావా?"

లేదని తల ఊపాను. ఆయన కోప్పడలేదు. కొట్టు చూడమని పక్కకొట్టాయనకి చెప్పి, నా చెయ్యి పట్టుకుని రేవుకి బయల్దేరారు. దారిలో ఒక్కమాటే అన్నారు. "నీకు తెలిసింది, ఆవిడకి తెలీదు. ఆ తేడాతో బేరం చెయ్యకూడదమ్మా."

పంటు ఇంకా కదల్లేదు. అత్తని పిలిచి, నన్నే చెప్పమన్నారు. ఏడుపు ఆపుకుంటూ చెప్పాను. దీన్ని ఎవరూ అరగదీయలేదని, టంకశాలలోనే ఇలా తయారయిందని, ఇలాంటివి కోరి కొనేవాళ్ళుంటారని, నాకు తెలిసే తీసుకున్నానని. ఆవిడ ఇస్తానంటే మంచి వెలకి తానే కొంటానన్నారు తాతయ్య. వెల మాట ఆవిడ చెవికెక్కనే లేదు.

"అయితే నేను చెయ్యలేదన్నమాట!" అంది. చింతపండుకి వేరే చిల్లర ఇచ్చేసి, ఆ రూపాయి తీసుకుని పంటెక్కి, కనబడ్డవాళ్ళందరికీ తిప్పి తిప్పి చూపించడం మొదలుపెట్టింది. "నా తప్పు కాదంట! తయారుచేసినోళ్ళదేనంట!" పంటు సగం గోదావరి దాటేదాకా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది.

నాకు అది అరుదైన నాణెం. ఆవిడకి అది మీద పడ్డ నింద. ఆ నింద పోగొట్టే మాటని నేను నోట్లోనే దాచుకుని, దీవెన కూడా అందుకున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎదుటివాళ్ళకి తెలియని సంగతి నాకు తెలిసినప్పుడు, ఊరుకుంటే పోలేదా అన్న ఆశ ఇప్పటికీ ఒక్క క్షణం పుడుతుంది. సిగ్గేస్తుంది. చెప్పేస్తాను.