ఆర్నెల్ల బ్రాంచి

పిల్లల కోసం ఉద్యోగం మానేసిన పెద్దకోడలిని మళ్లీ చేర్చుకోవాలంటే, చేసిన పని చూపించమన్నారు కంపెనీవాళ్లు. అందుకని పదిమంది కలిసి రాసే కంప్యూటర్ ప్రోగ్రాంలో చేయి పెట్టింది. అసలుదాన్ని కదపకుండా బ్రాంచి అనే నకలొకటి తనకు వేరుచేసుకుని, వంటగది బల్ల మీద ఆర్నెల్లు రాసింది. అసలులో జరిగే మార్పులను ఎప్పటికప్పుడు తెచ్చి కలుపుకోవాలి. పూర్తయ్యేదాకా ఎవరికీ చూపనని భీష్మించుకున్న మనిషి అటు తొంగి చూస్తేగా!

పూర్తయ్యాక, అసలులో కలపమని ఆ ప్రోగ్రాం చూసేవాళ్లకు పంపింది. జవాబు వచ్చింది: "బాగా రాశారండీ. కానీ ఆ భాగాన్నే పోయిన నెల తీసేశాం."

"ఏమైందే?" అంది అత్త.

"ఇల్లు పడగొట్టాక గోడలకు సున్నం వేశానత్తయ్యా."

"ముందే చూపిస్తే దిష్టి తగిలేదా?"

కోడలు లాప్‌టాప్ బీరువాలో పెట్టి, బల్ల మీద కూరగాయలు పరిచింది.