ఎడమ వెనక చక్రం

కొలతలమ్మ బతికి ఉన్నన్నాళ్లూ తన టేపును తప్ప ఎవరి టేపునూ నమ్మలేదు. కిటికీ తెరలు కుట్టించుకునేవాళ్లు కొలతలు కాగితం మీద రాసి పంపితే, ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, తనే వాళ్లింటికి వెళ్లేది. కిటికీని పైన ఒకసారి, కింద ఒకసారి కొలిచేది. "పైనా కిందా ఒకటే కదమ్మా" అని ఎవరైనా అంటే, "కిటికీలు అలాగే చెబుతాయి" అనేది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అసలు పేరు జనం మరిచిపోయేంతగా అతుక్కుపోయింది.

పని ముగ్గురిది. ఆవిడ తెరలు కుట్టేది. వడ్రంగి అయిన మరిది వాటిని వేలాడదీసే కడ్డీలు బిగించేవాడు. భర్త వాళ్లిద్దరినీ, బట్ట తానులనూ, నిచ్చెననూ కారులో వేసుకుని తిప్పేవాడు. ఆయన పక్కన కూర్చున్నా ఆవిడ కాలు ఊరుకునేది కాదు. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే చాలు, తన వైపు లేని బ్రేకును గట్టిగా నొక్కేది.

"అక్కడ బ్రేకు లేదు" అని ఆయన నవ్వేవాడు.

"మీ దగ్గరున్నది పనిచేస్తుందని ఏమిటి నమ్మకం?"

ఆ చోట కారులో పరిచిన రబ్బరు మ్యాటు అరిగిపోయి, ఆవిడ మడమంత గుంట పడింది.

ఆయన దారపు కండెలు కొనడానికి వెళ్లి, దుకాణంలోనే, కౌంటరు మీద తల వాల్చి పోయాడు. బయట నిలిపిన కారును ఆ రోజు మరిది ఇంటికి తెచ్చి గోడ పక్కన పెట్టాడు. నెలల తరబడి అది అక్కణ్నుంచి కదల్లేదు. దుమ్ము పట్టిన అద్దం మీద వీధి పిల్లలెవరో వేలితో ఒక ముఖం గీశారు. ఆవిడ తుడవలేదు.

ఒక సాయంత్రం మరిది వచ్చాడు. కారు రెండో తాళం అతని దగ్గరే ఉండేది. దాన్ని వేలికి తగిలించుకుని తిప్పుతూ, "వదినా, కారు అమ్మేద్దాం" అన్నాడు.

"ఎవరైనా అడిగారా?"

"లేదు. ఊరికే అంటున్నా."

ఊరికే ఎవరూ ఏదీ అనరని ఆవిడ నమ్మకం. లోకంలో ఆవిడకున్న కొద్దిపాటి నమ్మకాల్లో అదొకటి. కారు పోతే తనకు పని పోతుంది. నిచ్చెన, తానులు నెత్తిన పెట్టుకుని ఎన్ని ఇళ్లు తిరగగలదు? ఆ మాట ఇతనికి తెలియదా? తెలిసీ అంటున్నాడంటే లోపల ఏదో ఉంది.

"అమ్మేది లేదు. నాకు నేర్పు. నేను నడుపుతాను."

మరిది తాళం తిప్పడం ఆపాడు. "మీరా వదినా?"

"ఏం, కుట్టుమిషను తొక్కే కాలు క్లచ్ తొక్కలేదా?"

నేర్పించాడు. గోదాముల వెనక ఖాళీ స్థలంలో, ఆదివారాలు. క్లచ్ నిజంగానే ఆవిడ కాలికి త్వరగా పట్టుబడింది. మిగిలినదానికి మరిది మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు.

"బండి నడిపేవాళ్లకు కావలసింది అనుమానం వదినా. అద్దంలో ఎవరూ లేరంటే నమ్మకండి. మెడ తిప్పి చూడండి, అద్దానికి అందని చోటు ఒకటుంటుంది. ఆగి ఉన్న ప్రతి కారు తలుపూ ఇప్పుడే తెరుచుకుంటుందనుకోండి. బంతి దొర్లుకుంటూ వస్తే వెనకే పిల్లవాడు వస్తాడనుకోండి. ఇక ముందువాడు ఇండికేటర్ వేశాడంటే అటే తిరుగుతాడని..."

"తిరగడు" అంది.

"చూశారా! ఇది వేరేవాళ్లకు ఎక్కాలంటే ఏళ్లు పడుతుంది. మీకు పుట్టుకతోనే వచ్చింది."

చక్రం మార్చడమూ నేర్పించాడు. కారును చదునైన చోట ఆపాలి, హ్యాండ్ బ్రేక్ లాగాలి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టాలి, జాకీతో ఎత్తకముందే నట్లు వదులు చేయాలి. స్పానర్ చేతికి లొంగకపోతే దాని మీద నిలబడి తొక్కమన్నాడు. "మీ బరువు ఇన్నాళ్లకు ఒక పనికొస్తుంది" అని తిట్లు కూడా తిన్నాడు. గాలి ఎక్కడ పోతోందో తెలియకపోతే వాల్వ్ మీద కాస్త ఉమ్మి రాసి చూడమన్నాడు. బుడగ లేస్తే దొంగ అక్కడే ఉన్నట్టు.

లైసెన్సు వచ్చింది. ఆవిడ ఒక్కతే దగ్గరి వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది. అప్పుడే ఒక పొద్దున ఎడమ వెనక చక్రం కొంచెం కుంగినట్టు కనిపించింది. నెలలు కదలకుండా ఉన్న బండి, ఒక చక్రంలో గాలి తగ్గడం వింత కాదు. కానీ ఆవిడ బుర్ర అటు పోలేదు. నాలుగు చక్రాలుండగా అదే ఎందుకు? రోజూ సాయంత్రం మరిది తన స్కూటర్ ఆనించేది సరిగ్గా ఆ చక్రం పక్కనే. నడపడం కష్టమైతే నేనే అమ్ముకుంటాననుకుంటున్నాడు! నేర్పినట్టే నేర్పి, గాలి తీస్తున్నాడు!

కాలి పంపుతో గాలి కొట్టింది. ఆ పైన తన విద్య ప్రయోగించింది. బట్ట మీద గీతలు గీసే గులాబీ రంగు సుద్దబిళ్లతో, వాల్వ్ మూత మీది నుంచి కాడ మీదికి ఒక గీత లాగింది. ఎవడైనా మూత తిప్పితే గీత తెగుతుంది. రోజూ పొద్దున్నే గీత చూసేది, మూత తీసేది, మీటర్ నొక్కి గాలి కొలిచేది, మూత పెట్టి మళ్లీ గీత గీసేది. సాయంత్రం మరిది వెళ్లగానే ఇంకోసారి. గీత ఎప్పుడూ చెక్కుచెదరలేదు. గాలి మాత్రం రోజురోజుకీ తగ్గుతూనే వచ్చింది.

వేరేవాళ్లయితే గీతను నమ్మేవాళ్లు. కొలతలమ్మ నమ్మలేదు. పెన్సిలు చెవిలో పెట్టుకుని తిరిగే వడ్రంగికి గీతకు గీత కలపడం ఒక లెక్కా?

ఒక సాయంత్రం కళ్లలో వత్తులు వేసుకుని కిటికీ తెర సందులోంచి చూస్తూ కూర్చుంది. మరిది స్కూటర్ దిగాడు. కారు చుట్టూ తిరిగాడు. ఎడమ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని బొటనవేలితో నొక్కాడు. అంతే, ఆవిడ గుమ్మంలో ఉంది.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"గాలి తగ్గినట్టుంది వదినా."

"తగ్గినట్టుందా, తగ్గించినట్టుందా?"

మరిది హాస్యమనుకుని నవ్వాడు. ఆవిడ ముఖం చూసి నవ్వు ఆపాడు.

"అమ్మేద్దామన్నది ఎవరు? రెండో తాళం ఎవరి దగ్గరుంది? కంచే చేను మేస్తే నేనెవరితో చెప్పుకోను?"

"గాలి తీయడానికి తాళం ఎందుకు వదినా?"

"అంటే ఎలా తీయాలో తెలుసన్నమాట!"

మరిది లేచాడు. మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. ఇంట్లోకి వచ్చి రెండో తాళాన్ని కుట్టుమిషను మీద పెట్టాడు. "వస్తాను వదినా" అని స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి రాలేదు. కడ్డీలు బిగించే పనికి ఆవిడ వేరే మనిషిని మాట్లాడుకుంది. ఆ మనిషి కడ్డీలు వంకరగా బిగించేవాడు. రోజూ సాయంత్రం అయ్యేసరికి ఆవిడ చెవులు స్కూటర్ చప్పుడు కోసం ఎదురుచూసేవి. గుమ్మడికాయ దొంగ కాకపోతే భుజాలు తడుముకున్నట్టు అలా మానేయడం ఎందుకు? అని సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకున్నాక కూడా టీ రెండు కప్పులకు పెట్టి, ఒకటి పారబోసేది. ఆయన పోయాక ఆయన గొంతులా వినిపించే గొంతు ఇంకొకటి ఉన్నది ఆ స్కూటర్ మీదే. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు.

ఇంతలో ఊరి చివర ఆసుపత్రి నుంచి పని వచ్చింది. మంచానికీ మంచానికీ మధ్య కట్టే తెరలు. కుట్టడం అయ్యాక కారు వెనక సీటు నిండా పేర్చుకుని బయలుదేరింది. పెద్ద రోడ్డు మీదికి ఒంటరిగా వెళ్లడం అదే మొదలు. వెనక వచ్చే ప్రతి లారీ తనను గుద్దడానికే ఇంటి నుంచి బయలుదేరిందన్నట్టు నడిపింది.

సగం దూరం వెళ్లాక కారు ఒక పక్కకు ఈడ్చింది. వెనక నుంచి దబదబమని చప్పుడు. ఆవిడ బ్రేకు మీద ఒక్కసారిగా కాలు వేయలేదు. కాలు తీసి వేగం తగ్గనిచ్చింది, అద్దం చూసింది, మెడ తిప్పి చూసింది, మెల్లగా అంచుకు తెచ్చి చదునైన చోట ఆపింది. నాలుగు మూలలా లైట్లు వెలిగేలా మీట నొక్కి దిగింది. ఎడమ వెనక చక్రం పూర్తిగా కూలబడింది.

"అనుకున్నంతా చేశాడు" అంది పైకే.

డిక్కీ తెరిచింది. జాకీ పక్కన రెండు చెక్క ముక్కలు కనిపించాయి. చక్రాలకు అడ్డుపెట్టడానికి ఏటవాలుగా కోసి, చేతికి గుచ్చుకోకుండా అంచులు గరుకు కాగితంతో రుద్ది ఉన్నాయి. వాటి మీద వడ్రంగి పెన్సిలు రాత. ఒకదాని మీద 'ముందు నేను'. రెండోదాని మీద 'నేనూ ముందే'. ఎప్పుడు పెట్టాడో ఆవిడ చూడనే లేదు. గాలి తీసేవాడు అడ్డుచెక్కలు ఎందుకు పెడతాడు? ఆ ప్రశ్నను పక్కకు నెట్టి, చెక్కలను చక్రాల కింద నెట్టింది.

ఎర్ర లైనింగ్ బట్ట ముక్క తీసి డిక్కీ తలుపుకు కట్టింది. అంతలో ఒక లారీ ముందుకెళ్లి ఆగింది. డ్రైవర్ దిగి వచ్చాడు.

"సాయం చేయనా అమ్మా?"

"అక్కడే ఉండు."

"నేను దొంగను కాను తల్లీ."

"దొంగలూ అలాగే అంటారు."

అతను పకపకా నవ్వాడు. "పోనీ, ఆ ఎర్రగుడ్డ ఇవ్వండి. దూరంగా నిలబడి వచ్చేవాళ్లను పక్కకు తప్పిస్తాను." ఆలోచించి, బట్ట విప్పి విసిరింది.

నట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. స్పానర్ మీద ఎక్కి నిలబడింది. కీచుమంటూ కదిలాయి. జాకీ తిప్పింది. చక్రం లాగి, స్టెప్నీ ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, కారు దించి, మళ్లీ తొక్కి బిగించింది. చీర నిండా మసి. అయినా డ్రైవర్‌ను పొమ్మనలేదు, తనూ బయలుదేరలేదు. ఊడదీసిన చక్రం ముందు కూర్చుంది. మేకు గుచ్చిన గుర్తు, కత్తి గాటు, ఏదో ఒకటి ఉండి తీరాలి. అరచేత్తో రబ్బరంతా తడిమింది. ఏమీ లేదు. కాలి పంపు తగిలించి గాలి కొట్టడం మొదలుపెట్టింది.

"ఊడదీసిన చక్రానికి గాలెందుకమ్మా?"

"దొంగను పట్టుకోవడానికి."

పంపు తీసేసి, వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వ్ నోటికి రాసింది. చిన్న బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. బుడగ గులాబీ రంగులో ఉంది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. వాల్వ్ నోట్లో, గాలిని ఆపే సూది చుట్టూ, తడిసి ముద్దయిన గులాబీ పొడి. మూత లోపలా అదే పొడి. రోజూ తను గీసిన గీతల సుద్ద, మూత తీసినప్పుడల్లా లోపలికి రాలింది. తను మీటర్ నొక్కినప్పుడల్లా కిందికి దిగింది. సూది మూసుకోకుండా అదే అడ్డుపడింది. పోయిన కాస్త గాలిని కాపలా కాయబోయి, మిగతాదంతా తనే పంపించింది. కంచే చేను మేసింది.

"దొరికాడా దొంగ?" లారీ డ్రైవర్ అడిగాడు.

ఆవిడ తన వేళ్ల వైపు చూసుకుంది. "నా ఎర్రగుడ్డ ఇచ్చేసి వెళ్లు బాబూ. నీకు పుణ్యముంటుంది."

తెరలు ఆసుపత్రిలో దించి, అటు నుంచి అటే మరిది పనిచేసే షెడ్డుకు పోనిచ్చింది. అతను చిత్రిక పడుతున్నాడు. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు. తోడికోడలు షెడ్డును ఆనుకున్న ఇంటి గుమ్మంలోంచి అంది:

"కారు కాస్త దూరంగా పెట్టండక్కా. ఇక్కడ గాలి తీసేవాళ్లున్నారట."

కొలతలమ్మ ఆ మాట భరించింది. చక్రాన్ని డిక్కీలోంచి దించి, దొర్లించుకుంటూ తెచ్చి మరిది కాళ్ల ముందు పడుకోబెట్టింది. మూత తీసి చూపించింది.

"సుద్ద నాది" అంది. "నీ మీద పడి అరిచిన నోరూ నాదే. తప్పయిపోయిందయ్యా."

మరిది వంగి చూశాడు. వేలితో పొడి తీసి రుద్ది చూశాడు. లేచి కారు దగ్గరికి వెళ్లి, ఆవిడ బిగించిన నట్లను స్పానర్ వేసి ఒక్కొక్కటే పరీక్షించాడు.

"నమ్మకం లేదా?"

"లేదు." ఒక నట్టు దగ్గర స్పానర్ కాస్త కదిలింది. "ఇది వదులు."

నిజంగా వదులో, మాటకే అన్నాడో ఆవిడకు తెలియలేదు. అడగలేదు.

"అమ్మేద్దామని ఎందుకన్నావు?"

మరిది స్పానర్‌ను గుడ్డతో తుడిచాడు. "దుకాణం నుంచి దాన్ని నడుపుకుంటూ తెచ్చింది నేనే కదా వదినా. సీటు ఇంకా అన్నకు సరిపోయేట్టే ఉంది. నా కాళ్లు అందలేదు. ముందుకు జరుపుకోవడానికి చేతులు రాలేదు. అంచు మీద కూర్చునే తెచ్చాను. రోజూ దాన్ని చూడలేకపోయాను."

ఆ సీటును ఆదివారం పాఠాల మొదటి రోజున ముందుకు జరిపింది తనే. ఏమీ ఆలోచించకుండా, ఒక్క లాగుతో.

ఆవిడ బ్యాగులోంచి రెండో తాళం తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను తీసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. చెయ్యి అలాగే తెరిచి ఉంచి, "ముందు ఆ వాల్వ్ మార్పించాలి" అన్నాడు. "పంక్చర్లవాడు కొట్టు మూసేస్తాడు, పదండి."

చక్రాన్ని డిక్కీలో వేసి, పక్క సీట్లో కూర్చున్నాడు. తోడికోడలు గుమ్మంలోంచి, "సుద్ద ఉంటే దించేసి వెళ్లండక్కా!" అని అరిచింది. కారు కదిలింది. వీధి మలుపు దగ్గర ఒక సైకిలు అడ్డం వచ్చేసరికి, మరిది కాలు అరిగిపోయిన రబ్బరు గుంటలో లేని బ్రేకును గట్టిగా నొక్కింది.

ఆవిడ అది చూసింది. పెద్ద రోడ్డు మీదికి తిరిగే ముందు అద్దం చూసింది. తర్వాత మెడ తిప్పి కూడా చూసింది.