గాలిమర నీడలో లక్ష్మక్క మంద

కోసిగి దగ్గరి ఆ పల్లెలో లక్ష్మక్క అంటే గొర్రెల లక్ష్మక్కే. మనుషుల పేర్లు మరిచిపోతుంది గానీ, ఏ గొర్రె ఏ తల్లి బిడ్డో మొహం చూసి చెప్పేస్తుంది. రోగమొచ్చి రెండు కండ్లూ పోయిన ముసలి గొర్రెను కూడా ఆమె వదల్లేదు. దాని మెడకు గంట కట్టింది. తను ముందు నడుస్తూ పిలిస్తే, అది ఆ గొంతు పట్టుకుని వెంట వచ్చేది.

"ఏమే, ఆ గుడ్డిదాన్ని ఎన్నాళ్ళు మేపుతావు? సంతకు తోలేస్తే పాయె గదా," అని మొగుడు సుంకప్ప రోజూ పోరేవాడు.

"నీకు కండ్లు మసకైతే నిన్నూ తోలేద్దామా మామా?" అనేది లక్ష్మక్క. అంతటితో ఆ మాట ఆగిపోయేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరి కుంట అడుగు పగిలింది. నీళ్ళు మిగిలింది గుట్టల అవతల, వంకకు కట్టిన చెక్‌డ్యాంలోనే. అక్కడికి పోవాలంటే రెండు గుట్టల నడుమ కనుమ దాటాలి. ఆ గుట్టల మీద కొత్తగా గాలిమరలు లేచాయి. పొద్దున ఒకదాని నీడ, సాయంత్రం ఇంకోదాని నీడ సరిగ్గా దారి మీదే పడేవి. రెక్క తిరిగినప్పుడల్లా నల్లటి నీడ నేల మీద విసురుగా దూసుకొచ్చేది.

మొదటి రోజు ముందున్న పొట్టేలు ఆ నీడను చూసి రాయిలా నిలబడిపోయింది. మరో నీడ మీదికి రాగానే మందంతా వెనక్కి తిరిగి ఊరి వైపు పరుగు. గొర్రెపిల్లలేమో నేలకు అతుక్కుపోయాయి. కట్టెతో అదిలించబోయిన సుంకప్పను తోసుకుంటూ పోయాయి గొర్రెలు. ఆ తొక్కిడిలో ఒక పిల్ల కాలు బెణికింది. గుడ్డిది ఒక్కటే నీడల మధ్య నిలబడి గడ్డి వాసన చూస్తుంటే, లక్ష్మక్క పోయి తోలుకొచ్చింది.

మధ్యాహ్నం నీడ పొట్టిదవుతుంది కదా అంటే, ఆ ఎండకు గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి కదలవు. ఆటోలో డ్రమ్ములతో తెచ్చిన నీళ్ళు నాలుకలు తడపడానికే సరిపోయాయి.

సుంకప్ప చేతులెత్తేశాడు. "సుక్రారం బేరగాడు వస్తాడు. మందనిచ్చేసి గుంటూరు దిక్కు సుగ్గికి పోదాం, మిరపకాయలు కోసే కూలికి. కూలోళ్ళను తోలుకుపోయే మేస్త్రీకి చెప్పినా."

లక్ష్మక్క ఆ పూట సంగటి ముట్టలేదు.

బెణికిన కాలు చూడడానికి పశువుల ఆసుపత్రి నుంచి కాంపౌండరు నెహెమ్యా వచ్చాడు. ఆమె గోడు విని నవ్వాడు. "అవి మొండికేయడం కాదక్కా. నల్లది మీదికొస్తాంటే ఆ కబురు కంటి నుంచి మెదడులో ఒక మూలకు పోతాది. ఆ మూల, వచ్చింది గద్దా, నీడా అని విచారించదు. ఉరుకు అనో, కదలొద్దు అనో కాళ్ళకు చెప్పేస్తాది. గద్దేనా కాదా అని చూసుకుంటా నిలబడిన పిల్ల బతికి బట్టకట్టదు గదా!"

"అంటే భయం కండ్లలోంచి వస్తాదా?"

"ఈ భయం ఆడినుంచే. మనకూ అంతే."

లక్ష్మక్క చూపు దొడ్డి మూలకు పోయింది. గుడ్డిది తీరిగ్గా నెమరు వేస్తోంది.

బేరగాడు రావడానికి ముందు రోజు పొద్దున ఆమె కనుమ దారి పట్టింది. ముందు తను, వెనక గుడ్డిది, దాని వెనక దాని కూతురు, ఆపైన మంద. చివర సుంకప్ప. "తిక్కదానివే నువ్వు. గుడ్డిది దారి చూపిస్తాదా?" అని గొణుగుతూనే వచ్చాడు.

నీడ వచ్చింది. లక్ష్మక్క మెడ దానంతట అదే వంగింది. గుడ్డిదాని గంట మాత్రం లయ తప్పకుండా మోగుతూనే ఉంది. కూతురు ముందరి కాలెత్తి ఆగిపోయింది. లక్ష్మక్క వెనక్కి తిరగలేదు, గొంతు పెంచలేదు. అదే పిలుపు, అదే నడక. తల్లి గంట దూరమవుతుంటే కూతురు చెవులు రిక్కించింది. నీడ మళ్ళీ దాని వీపు మీదుగా పోయింది. కాలు కింద పెట్టింది, ఇంకో అడుగు వేసింది. దాని వెనక పొట్టేలు, పొట్టేలు వెనక మిగతావి. గొర్రెదాటు అని మనుషుల్ని తిడతారు గానీ, ఆ పొద్దున ఆ దాటే మందను బతికించింది.

అన్నిటికన్నా వెనక వస్తున్న సుంకప్ప మీదికి నీడ దూసుకొచ్చింది. తలగుడ్డ ఎగిరిపోయేలా గబుక్కున కూలబడ్డాడు.

"ఏం మామా, గద్ద ఎత్తకపోతాందా?" లక్ష్మక్క కనుమంతా మోగేలా నవ్వింది.

"నవ్వు, నవ్వు! కండ్లుండేటోనికే గదా ఈ బాధ!" అంటూ సిగ్గుపడి లేచాడు.

నీళ్ళ వాసన తగలగానే మంద ఆమెను దాటుకుని ఉరికింది. గట్టు పొడుగునా మూతులు వరసగా నీళ్ళలో మునిగాయి. ఆ జుర్రే చప్పుడు వింటూ ఆమె గట్టు మీద కాళ్ళు బార చాపి కూర్చుంది.

"మేస్త్రీకి ఫోన్ చెయ్ మామా. ఈ తూరి మేం రామని చెప్పు. బేరగానికీ చెయ్."

"వాడు గుడ్డిదాన్నన్నా ఇమ్మంటాడే."

"అడగనీ మరి. ఇస్తావా?"

సుంకప్ప నీళ్ళ దగ్గరికి నడిచాడు. తొక్కిడిలో వెనకబడి తడుముకుంటున్న గుడ్డిదాన్ని మెడ పట్టుకుని మెల్లగా నడిపించి, మందను రెండు చేతులా పక్కకు నెట్టి, దాని మూతిని నీళ్ళకు ఆనించాడు. ఆ తర్వాతే జేబులోంచి ఫోను తీశాడు.