వర్క్‌షీటులో తీసేసిన గడి

సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లోని ఒక ప్రైమరీ స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా నేను పనిచేసిన ఆఖరి ఏళ్లలో, ఒక జనవరిలో నాకు నాలుగో తరగతి అప్పగించారు. ఫారం టీచరు బాధ్యత కూడా నాదే. ఆ బాధ్యత ఉన్నవారికి పాఠం చెప్పడంతో పని తీరదు. పిల్లల హాజరు, తల్లిదండ్రులతో సంప్రదింపులు, ఇంట్లో ఏదైనా కష్టం వస్తే ముందుగా పసిగట్టి కౌన్సెలర్‌కు తెలపడం కూడా వారి పనే.

రెండో టర్ములో జీవితచరిత్ర రాయడం నేర్పాలి. అందుకు మా విభాగాధిపతి బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా అధ్యక్షుడి కథ ఎంచుకున్నారు. మేమిచ్చే వర్క్‌షీటులో అతని జీవితం ఏళ్ల వరుసలో గడులుగా ఉంటుంది, పిల్లలు ఒక్కో గడిలో ఒక్కో సంఘటన గురించి రాయాలి. కర్రదుంగల ఇంట్లో పుట్టుక, అరువు పుస్తకాలతో చదువు, వకీలు పని, అధ్యక్ష పదవి, తుపాకీ గుండు. తొమ్మిదో ఏట గడిలో తల్లి మరణం.

ఆ టర్ము పాఠాల జాబితా ఇళ్లకు పంపాక, పాఠం మొదలుపెట్టడానికి ముందు ఒక తండ్రి నన్ను కలవాలన్నారు. మేఘన అనే అమ్మాయి తండ్రి. వరంగల్ వైపు వారు, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాది మలేషియాలోని జోహోర్‌లో పుట్టిన తెలుగు, ఆయనది తెలంగాణ తెలుగు. అయినా తెలుగు మాట వినగానే ఆయన తమాయించుకోలేకపోయారు.

"మా ఆవిడకు క్యాన్సర్ మేడమ్. రెండు మూడు వారాలే అన్నరు డాక్టర్లు. పాపకు కడుపు ఆపరేషన్ అని చెప్పినం. ఆ ప్రెసిడెంట్ పాఠం మేం గూడ చదివినం. చిన్నప్పుడే వాళ్ల అమ్మ పోతది కదా. పాపకు గూడ తొమ్మిదేళ్లే. ఆ ఒక్క ముక్క తీసేయండి మేడమ్."

కౌన్సెలర్‌ను కలవమన్నాను. కలిస్తే పాపకు అనుమానం వస్తుందని ఆయన ఒప్పుకోలేదు. విభాగాధిపతికి చెబితే, నిర్ణయం ఫారం టీచరుదే అన్నారు. ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని తొమ్మిదో ఏటి గడిని తొలగించాను. ఏడో ఏటి తరువాత పదో ఏడు వచ్చింది. పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

మేఘన తరగతిలో ఎక్కువ ప్రశ్నలు అడిగే పిల్ల. ఒక సోమవారం విరామ సమయంలో స్టాఫ్‌రూం తలుపు దగ్గర నిలబడింది. చేతిలో ఆ అధ్యక్షుడి గురించిన లైబ్రరీ పుస్తకం. ఇక్కడి పిల్లలు టీచర్‌ను "చెర్" అంటారు.

"చెర్, యూ మిస్ వన్ బాక్స్ లా," అంది. పుస్తకం తెరిచి, నేను వదిలేసిన తొమ్మిదో ఏటి సంగతి మీద వేలు పెట్టి చూపించింది.

జాగా సరిపోలేదని చెప్పాను.

తల్లి చనిపోతుందని ఆ అబ్బాయికి ముందే ఎవరైనా చెప్పారా అని ఇంగ్లీషులో అడిగింది. అతను ఆ ఇంట్లోనే ఉన్నాడు, అంతా చూశాడు. తల్లి శవపేటికకు తన చేతులతో చెక్కమేకులు చెక్కాడని కూడా చెబుతారు. అది నాకు తెలుసు. పుస్తకంలో లేదు కాబట్టి తెలియదన్నాను.

అప్పుడు ఆ పిల్ల తెలుగులోకి మారింది. బడిలో నాతో తెలుగు మాట్లాడడం అదే మొదటిసారి.

"మా మమ్మీకి గూడ అట్లనే అయితదా?"

"అమ్మకు ఆపరేషన్ కదమ్మా. నాన్న చెప్పారు కదా," అన్నాను.

తల ఊపింది. పుస్తకం మూసి వెళ్లిపోయింది.

తండ్రికి వెంటనే ఫోన్ చేయవలసింది. పిల్ల ఇలాంటి ప్రశ్న అడిగితే అదే రోజు ఇంటికి, కౌన్సెలర్‌కు తెలపాలన్నది మా నియమం. కొత్త టీచర్లకు ఆ నియమం నేర్పించినదాన్ని నేనే. ఆయనను మరింత బాధపెట్టడం ఎందుకు, శుక్రవారం తల్లిదండ్రుల సమావేశంలో నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. ట్యూబులు చూసి భయపడుతుందని ఆయన అప్పటికే పది రోజులుగా పాపను ఆసుపత్రికి తీసుకెళ్లడం లేదు. తల్లి కాస్త తేరుకుంటే శనివారం తీసుకెళ్తానని పాపకు మాట ఇచ్చారట.

గురువారం ఉదయం లెక్కల పీరియడులో ఆఫీసు నుంచి కబురు వచ్చింది. మేఘనను కిందికి తీసుకెళ్లాను. మెట్ల మీద ఆగి, నీళ్ల సీసా తెచ్చుకోవాలా అని అడిగింది. అవసరం లేదన్నాను. ఆఫీసులో తండ్రి నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చుని ఉన్నారు. పాపను దగ్గరకు తీసుకుని, "మమ్మీ పోయింది బిడ్డా," అన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. ఆయన భుజం మీదుగా నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. సోమవారం నేనిచ్చిన జవాబును ఇప్పుడు సరిచూసుకుంటున్నట్టు చూసింది.

మరుసటి రోజు మండాయ్ శ్మశానవాటికకు వెళ్లాను. తండ్రి నా దగ్గరకు వచ్చి, "తప్పు నాదే మేడమ్. ఒక్కసారి వాళ్ల అమ్మను చూపిస్తే అయిపోతుండె. దానికేం తెల్వదు కదా అనుకున్న," అన్నారు. ఆ పిల్లకు తెలుసని, నన్ను అడిగిందని అప్పుడు చెప్పాలి. చెప్పకుండానే వచ్చేశాను.

వారం తరువాత మేఘన బడికి వచ్చింది. పిలిస్తే పలికేది, రాయమంటే రాసేది. సంవత్సరం చివరిదాకా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కౌన్సెలర్ దగ్గరకు పంపాను. అక్కడా మాట్లాడలేదని ఆమె నివేదికలో రాశారు. డిసెంబరులో తండ్రీ కూతుళ్లు పుంగ్గోల్‌కు ఇల్లు మారారు. కొత్త బడికి పంపే పత్రాల మీద సంతకం చేసింది నేనే. పిల్ల గురించి టీచరు రాయవలసిన చోట "నెమ్మదస్తురాలు" అని రాశాను. జనవరిలో అయితే ఆ మాట రాసి ఉండేదాన్ని కాదు.

ఆ పాఠాన్ని తరువాత రెండేళ్లు చెప్పాను, తొమ్మిదో ఏటి గడి ఉంచే. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. గడి తీయడం కంటే సోమవారం ప్రశ్నను శుక్రవారానికి వాయిదా వేయడమే నా అసలు తప్పు. పిల్ల చావు గురించి అడిగితే ఆ రోజే, బడి గంట కొట్టేలోగా, ఇంటికి చేరవేయాలి. చేరవేసి ఉంటే ఆ తల్లి బతికేది కాదు. తల్లీకూతుళ్లిద్దరికీ మూడు రోజులు ఉండేవి.