ఇంజన్ మూత మీద చుక్క

తొర్రూరు బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే చెప్పారు, ఉస్తాద్ పోయాడని. గ్లాసు కింద పెట్టేలోపే ఇంకో కబురూ చెప్పారు, లారీ ఓనర్ల సంఘం సంతాప సభ పెడుతోందని. మొదటి కబురుకు మనసు కుంగింది. రెండోదానికి ఒళ్లు మండింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండోదే ఎక్కువ కారణం.

ఉస్తాద్ మా లారీ మెకానిక్. మానుకోట రోడ్డులో ఆయన షెడ్డు. నేనూ ఒకప్పుడు లారీ ఓనర్నే, చెల్పూర్ కరెంటు ప్లాంటు నుంచి బూడిద తోలేవాణ్ణి. లోడు కోసం కాచుకున్న గంటల్లో పుస్తకాలు చదువుతానని సంఘంలో నన్ను 'పంతులు' అని వెక్కిరించేవారు. ఆ పుస్తకాల్లో చాలామంది గొప్పవాళ్లు కనబడ్డారు. పక్కన కూర్చుని చూసిన గొప్పవాడు మాత్రం ఈయనొక్కడే.

వినయం లేని మనిషి. ఇస్త్రీ చొక్కాతో వచ్చి, దాన్ని మేకుకు తగిలించి, మడ్డి బట్టలు తొడుక్కునేవాడు. "మూడు జిల్లాల నా అసుంటి చెయ్యి లేదు పంతులూ" అని సాసర్‌లో టీ ఊదుకుంటూ, నవ్వకుండా చెప్పేవాడు. నిజమే కాబట్టి ఎవరూ కాదనేవారు కాదు.

అప్పట్లో మా వైపు తిరిగిన ఒక రకం ఇంజనుకు పుట్టుకతోనే ఒక లోపం ఉండేది. ముందుభాగంలో గేర్లుండే పెట్టె కదలకుండా వేలెడైనా లేని ఇనుప పిన్ను ఒకటి పెడతారు. ఏళ్ల తరబడి అదిరి అదిరి అది బయటికి జరుగుతుంది. జారి గేర్ల మధ్య పడితే పళ్లు విరుగుతాయి, పెట్టె పగులుతుంది. మందు చిన్నదే. మూత విప్పి, పిన్నును లోపలికి కొట్టి, పక్క బోల్టు కింద ఇనుప రేకు ఒకటి బిగిస్తే ఇక అది బయటికి రాలేదు. కానీ అందుకోసం బాగా నడుస్తున్న బండిని ఆపాలి. అక్కడే వచ్చేది తగువు.

సంఘం అధ్యక్షుడి లారీ వాటర్ పంపు పనికి వచ్చినప్పుడు ఆ పిన్ను చూడటానికి ఉస్తాద్ ముందు మూత కూడా విప్పుతానన్నాడు.

"ఏంది ఉస్తాద్, మంచిగున్న బండి కడుపు కోస్తవా?" అన్నాడు అధ్యక్షుడు.

"కడుపు నొచ్చినంక కోసేటోళ్లు దవాఖానల ఉంటరు సేటూ. నేను నొయ్యకముందే చూసేటోణ్ణి."

అందరూ నవ్వారు. అధ్యక్షుడు ఒప్పుకోలేదు. కొన్నాళ్లకే ఆ లారీ భూపాలపల్లి నుంచి బొగ్గుతో వస్తూ దారిలో ఆగిపోయింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. వెనకే సంఘమంతా వచ్చింది.

"ఆఖరుకు చెయ్యి పెట్టింది నువ్వే. లోపల ఏదో మరిచినవ్. నీ తప్పు కాదని తేలకుంటే మా బండి ఒక్కటి గూడ ఇటు దిక్కు రాదు," అన్నాడు అధ్యక్షుడు.

అంటే షెడ్డు మూతబడ్డట్టే. ఉస్తాద్ చొక్కా కూడా మార్చుకోలేదు. స్టేషన్ ఘన్‌పూర్ మెకానిక్‌ను పిలిపించాడు. వాళ్లిద్దరికీ ఎప్పటినుంచో పడదు. పానా అతని చేతిలో పెట్టి, "నువ్వే ఇప్పు. నేను ఇప్పితే పిన్ను నేనే ఏసిన అంటరు" అని దూరంగా నిలబడ్డాడు.

మూత ఊడింది. గేరు పళ్లు విరిగి ఉన్నాయి. పిన్ను ఉండాల్సిన రంధ్రం ఖాళీ. పిన్ను మాత్రం కనబడలేదు.

"ఏదీ నీ పిన్ను?" అన్నాడు అధ్యక్షుడు.

"కనబడకుంటే పోయినట్టు కాదు, లోపలనే ఉన్నట్టు. ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ దించు."

చాంబర్ అడుగున మడ్డిలో దొరికింది, ఒళ్లంతా పంటిగాట్లతో. ఘన్‌పూర్ మెకానిక్ దాన్ని డీజిల్‌లో కడిగి అధ్యక్షుడి అరచేతిలో పెట్టాడు. ఇప్పుడు ఉస్తాద్ దులిపేస్తాడని ఆశగా చూశాను. ఆయన ఓనర్లందరి వైపూ తిరిగాడు.

"గిసుంటి ఇంజన్లు మీ అందరికి ఉన్నయి కద. రేపటి సంది ఒక్కొక్కటి తోల్కరార్రి." తర్వాత ఘన్‌పూర్ మెకానిక్‌తో, "మీ దిక్కు బండ్లకు నువ్వే బిగియ్యి" అని రేకు కత్తిరించి మచ్చుకు ఇచ్చాడు. పని అయిన ప్రతి ఇంజన్ మూత మీద పంచ్‌తో ఒక చుక్క కొట్టాలని ఇద్దరూ అనుకున్నారు, ఇంకెవరూ మళ్లీ విప్పకుండా.

"చుక్క ఎందుకు, నీ పేరే కొట్టరాదు ఉస్తాద్?" అన్నాను.

"పేరు కొడితే నా దగ్గరికే వస్తరు పంతులూ. చుక్క కొడితే ఎవని దగ్గరికన్న పోతరు."

తనంతటివాడు లేడని రోజూ చెప్పుకున్న మనిషి అన్న మాట ఇది.

సంతాప సభలో అదే అధ్యక్షుడు, మా సంఘం ముందుచూపుతో ఆ లోపాన్ని పట్టుకుని ఎన్నో బండ్లను కాపాడుకున్నాం, ఉస్తాద్ సహకరించాడు అన్నాడు. సంఘం చేసింది తాడు కట్టి లాగడం ఒక్కటే. ఆ మాట చెబుదామని లేచాను. మైకు ఇవ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బయటికొస్తే రోడ్డు పక్కన పాత బూడిద లారీ ఒకటి, క్యాబిన్ ముందుకు వంచి ఉంది. డ్రైవర్ నీళ్లు పోస్తున్నాడు. ఒంగి ఇంజన్ మూతను బొటనవేలితో తుడిచాను. మడ్డి కింద చుక్క ఉంది.

"ఇది ఎవరు కొట్టిన్రు బిడ్డా?"

"ఏమో బాపు. బండి కొన్నప్పటి సంది ఉన్నది. గది ఉంటే ముంగటి మూత ఇప్పే పని లేదంటరు."

క్యాబిన్ దించి, స్టార్ట్ చేసి, అతను చెల్పూర్ వైపు పోయాడు. నా బొటనవేలు నల్లగా ఉంది. ఇల్లు చేరేదాకా తుడుచుకోలేదు.